మాట వెనుక సంగీతం: నేపథ్య సంగీతాన్ని ఎంచుకొని వాడే పద్ధతి

నాటక పరిభాషలో నేపథ్యం అంటే తెర వెనుక ఉండే చోటు. నటులు వేషం కట్టుకునేది అక్కడే, రంగస్థలం మీద వినిపించవలసిన కేకలూ చప్పుళ్లూ పుట్టేది కూడా అక్కడే. ప్రేక్షకుడికి ఆ చోటు కనిపించదు గాని, అక్కడ జరిగే పని లేకపోతే తెర ముందు జరిగేది నిలబడదు. నేపథ్య సంగీతం అన్న మాటలో ఈ అర్థమంతా ఇమిడి ఉంది. మెత్తగా, నెమ్మదిగా, సాహిత్యం లేకుండా సాగే వాద్యసంగీతానికే ఆ పేరు చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది సంగీతంలో ఒక రకం కాదు, సంగీతానికి అప్పగించిన ఒక పని. ఒక వేణువాదన కచేరీలో వింటే అదే ప్రధానం; అదే వాదన ఒక కథనం కింద సన్నగా నడిస్తే నేపథ్యం. స్వరాలు మారలేదు, వినేవారి ధ్యాస ఉన్న చోటు మారింది.

ఈ తేడాను కావాలని పరీక్షించి చూసినవారిలో ఫ్రెంచి స్వరకర్త ఎరిక్ సతీ తొలివరుసలోని వాడు. గదిలో కుర్చీ, బల్ల ఉన్నట్టే సంగీతం కూడా ఒక సామానులా పడి ఉండాలనీ, దాని వైపు ఎవరూ ప్రత్యేకంగా చూడకూడదనీ ఆయన 1917లో ఊహించాడు. 1920లో పారిస్‌లో ఒక నాటకం విరామ సమయంలో అలాంటి సంగీతాన్ని వాయించినప్పుడు, ప్రేక్షకులు అలవాటు కొద్దీ మాటలు మాని శ్రద్ధగా వినసాగారు. వినవద్దనీ, లేచి తిరగమనీ, మాట్లాడుకోమనీ ఆయనే వారిని బతిమాలుకోవలసి వచ్చింది. ఆ సంఘటన నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. వినేవారి ధ్యాసను మరొకటి పట్టి ఉంచినప్పుడే సంగీతం వెనక్కి వెళ్తుంది. ముందు ఏమీ లేకపోతే, ఎంత మెత్తటి సంగీతమైనా ముందుకే వచ్చి కూర్చుంటుంది.

అందువల్ల నేపథ్య సంగీతం ఎంచుకోవడానికి కూర్చున్నవారు మొదట పాటల జాబితా తెరవకూడదు. ముందు ఉన్నదేమిటో ఒక వాక్యంలో రాసుకోవాలి. ‘ఈ నాలుగు నిమిషాల్లో వినేవారు ఒక పద్ధతిని అడుగడుగునా అర్థం చేసుకోవాలి’, ‘ఈ గదిలో కూర్చున్నవారు తమ పేరు పిలిచినప్పుడు తప్పక వినాలి’, ‘ఈ గంటలో నేను యాభై పుటలు చదివి పూర్తి చేయాలి’. ఇలాంటి వాక్యం ఒకటి కాగితం మీద ఉంటే, తరువాత తీసుకోవలసిన నిర్ణయాల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి. అది లేకుండా మొదలుపెడితే మనకు నచ్చిన సంగీతాన్ని ఎంచుకుంటాం. నచ్చిన సంగీతం మన ధ్యాసను లాగేస్తుంది కనుక, నేపథ్యానికి అది సాధారణంగా పనికిరాదు.

సంగీతం వెనుక ఉండి చేసే పనులు

నాకు తెలిసినంతలో ఈ పనులు నాలుగైదు ఉన్నాయి. మొదటిది, భావాన్ని సూచించడం. తెర మీద ఒక మనిషి మెట్లు ఎక్కుతున్నాడనుకుందాం. కింద సాగే సంగీతాన్ని బట్టి అతను ఇంటికి చేరుతున్నాడో, ఆపదలోకి నడుస్తున్నాడో మనం ముందే నిశ్చయించుకుంటాం. సినిమా వాళ్లు రీరికార్డింగ్ అని పిలిచే పనిలో ప్రధాన భాగం ఇదే. రెండవది, అతకడం. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వెలుతురులో తీసిన దృశ్యాల మీద ఒకే సంగీతం ఆగకుండా నడిస్తే అవన్నీ ఒకే కథలోని భాగాలుగా తోస్తాయి. మూడవది, వేగాన్ని నడపడం. నాలుగవది, కప్పడం: పక్క బల్ల దగ్గర జరుగుతున్న సంభాషణనో, యంత్రపు రొదనో వినబడనీయకుండా చేయడం. ఒక చోటికి గుర్తింపునివ్వడం ఐదవది. కార్యక్రమం మొదట్లో వచ్చే నాలుగు స్వరాలు వినగానే పక్క గదిలో ఉన్నవారు లేచి వస్తారు.

వేగాన్ని నడపడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1940లో బీబీసీ రేడియో కర్మాగారాల కార్మికుల కోసం పనివేళల్లో రోజుకు రెండు మార్లు అరగంట చొప్పున సంగీతాన్ని ప్రసారం చేయడం మొదలుపెట్టింది. యంత్రాల హోరులో కూడా స్పష్టంగా తెలిసే నిలకడైన లయ ఉన్నవాటిని ఎంచుకున్నారు. మధ్యలో చప్పట్లు కొట్టవలసిన ఒక పాటను మాత్రం పక్కన పెట్టారు, ఎందుకంటే కార్మికులు చేతిలోని పనిముట్లతో ఆ దెబ్బలు కొడతారన్న భయం ఉండేది. అమెరికాలో కార్యాలయాలకూ దుకాణాలకూ నేపథ్య సంగీతాన్ని అందించిన మ్యూజాక్ సంస్థ మరో పద్ధతి పాటించింది. పావుగంట సేపు సంగీతం, ఆ పావుగంటలో క్రమంగా పెరిగే ఉత్సాహం, ఆ తరువాత మళ్లీ నిశ్శబ్దం. ఎడతెరిపి లేకుండా మోగే సంగీతాన్ని చెవి కొంతసేపటికి పట్టించుకోవడం మానేస్తుందని ఆ రంగంలోని వారు ఆనాడే గ్రహించారు. ఆ పావుగంట నిశ్శబ్దాన్ని ఈనాటి దుకాణాలు చాలావరకు మరచిపోయాయని నా అభిప్రాయం.

1982లో మార్కెటింగ్ పరిశోధకుడు రొనాల్డ్ మిలిమన్ ఒక అమెరికన్ సూపర్‌మార్కెట్‌లో చేసిన పరిశోధనను ఈ రంగంలో అందరూ తలుచుకుంటారు. నిమిషానికి 72 బీట్లకు మించని నెమ్మది సంగీతం వినిపించిన రోజుల్లో కొనుగోలుదారులు నెమ్మదిగా నడిచారు, అమ్మకాలు కూడా పెరిగాయి. 94 బీట్లకు తగ్గని వేగపు సంగీతం ఉన్న రోజుల్లో వారు గబగబా తిరిగి వెళ్లిపోయారు. 1997లో ఇంగ్లండులో మనస్తత్వ శాస్త్రవేత్త ఏడ్రియన్ నార్త్ బృందం చేసిన మరో పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. వైన్ సీసాలు పేర్చిన అర దగ్గర ఫ్రెంచి సంగీతం మోగితే ఫ్రెంచి వైన్, జర్మన్ సంగీతం మోగితే జర్మన్ వైన్ ఎక్కువగా అమ్ముడయ్యాయి. తమ ఎంపిక మీద సంగీతం ప్రభావం ఉందని కొన్నవారిలో చాలామంది ఒప్పుకోలేదు. ఈ రెండూ ఒక్కొక్క చోట, ఒక్కొక్క రకం జనం మధ్య జరిగిన ప్రయోగాలు కాబట్టి, నెమ్మది సంగీతం పెడితే ఏ దుకాణంలోనైనా లాభం పెరుగుతుందని వాదించడం తగదు. కానీ వినేవారికి తెలియకుండానే సంగీతం వారిని నడిపించగలదన్న విషయం మాత్రం నేపథ్య సంగీతం వాడే ప్రతి ఒక్కరి మీదా ఒక బాధ్యతను మోపుతుంది.

మాట్లాడే వీడియో కింద సంగీతం వేయడం

ఎక్కువమందికి అవసరమయ్యేదీ, ఎక్కువగా చెడిపోయేదీ ఈ పనే కనుక దీన్ని కాస్త వివరంగా చెబుతాను. ఉదాహరణకు పుస్తకం కుట్టే పద్ధతిని చూపించే నాలుగు నిమిషాల వీడియో తీసుకుందాం. నేను అలాంటిదొకటి చేసినప్పుడు మొదటి ప్రయత్నంలో మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా ఒకే పియానో ట్రాక్ పరిచాను. చూసిన స్నేహితురాలు బాగుందనే అన్నది గాని, సూదిని ఏ రంధ్రంలోంచి వెనక్కి తీయాలో అడిగితే చెప్పలేకపోయింది. ఆ మాట నేను స్పష్టంగానే పలికాను; సరిగ్గా ఆ క్షణంలో పియానోలో ఒక అందమైన మలుపు వచ్చింది. ఆమె చెవి అటు వెళ్లిపోయింది.

కాబట్టి మొదట సంగీతం లేకుండా వీడియోను పూర్తిగా ఎడిట్ చేయాలి. మాట, దృశ్యం, సహజ శబ్దాలు వీటితోనే అది నిలబడాలి. విసుగు పుట్టించే చోటును సంగీతంతో కప్పుదామన్న ఆలోచన వస్తే, ఆ చోటును కత్తిరించడమే మంచిది. ఎడిటింగ్ పూర్తయ్యాక దాన్ని ఒకసారి చూస్తూ సంగీతం ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో నిమిషాలూ సెకన్లతో సహా గుర్తు పెట్టుకోవాలి. ఏదో ఒక మార్పు జరిగే చోట సంగీతాన్ని ప్రవేశపెడితే అది సహజంగా ఉంటుంది: కొత్త అంశం మొదలైనప్పుడు, స్థలం మారినప్పుడు, మాట ఆగి చేతులు మాత్రమే కనిపిస్తున్నప్పుడు. ఒక వాక్యం మధ్యలో మొదలైతే వినేవారు ఉలిక్కిపడతారు. నా వీడియోలో సంగీతం ఉండదగిన చోట్లు చివరికి మూడే తేలాయి. పరిచయంలో ఇరవై సెకన్లు, కాగితాలను మడిచి దొంతరలుగా పేర్చే దృశ్యాల కింద అర నిమిషం, పూర్తయిన పుస్తకాన్ని చూపించే చివరి భాగం. నాలుగు నిమిషాల్లో నిమిషంన్నర కూడా లేదు.

ఇక ఎంపిక. మాట కింద సాహిత్యం ఉన్న పాట వద్దు, వినేవారికి తెలిసిన భాషలో అయితే అసలే వద్దు. రెండు మాటలను ఒకేసారి అర్థం చేసుకోవడం మనసుకు సాధ్యం కాదు, ఒకటి రెండోదాన్ని తోసేస్తుంది. బాగా తెలిసిన పాట వాద్యరూపంలో ఉన్నా ఇదే చిక్కు, ఎందుకంటే వినేవారు లోలోపల సాహిత్యాన్ని పూరించుకుంటారు. ప్రధాన రాగం గొంతు పలికే స్థాయిలోనే తిరిగే వాద్యం, ఉదాహరణకు ఒంటరి వయొలిన్ లేదా శాక్సోఫోన్, మాటతో పోటీ పడుతుంది. దాని కన్నా మీటే వాద్యాలు, లోతైన స్వరాలు, నిలకడగా సాగే చిన్న లయ మేలు. ట్రాక్ మొదటి పదిహేను సెకన్లు విని నిర్ణయించడం చాలామంది చేసే తప్పు. నలభయ్యో సెకను దగ్గర డ్రమ్స్ విరుచుకుపడే ట్రాకులు ఎన్నో ఉన్నాయి. చివరిదాకా వినాలి, అదీ మన గొంతు రికార్డింగ్ మీద పెట్టి వినాలి. విడిగా వింటే చప్పగా, ఏదో లోటుగా ఉన్నట్టు అనిపించిన ట్రాక్ మాట కింద సరిగ్గా అమరడం నేను ఎన్నోసార్లు గమనించాను. ఆ లోటులోనే మాటకు చోటు దొరుకుతుంది.

భావం విషయంలో ఒక జాగ్రత్త. దుఃఖం చెప్పే మాట కింద దుఃఖపు పియానో వేయడం అంటే ఒకే మాట రెండుసార్లు చెప్పడం. వినేవారు తమంతట తాము కరిగే వీలు పోతుంది. అంతకన్నా గంభీరమైన విషయం మరొకటి ఉంది. నిజమైన మనుషుల గురించి చెప్పే వార్తా కథనాల్లో, డాక్యుమెంటరీల్లో ఒకరి ముఖం కనిపించగానే భయపెట్టే సంగీతం మోగిస్తే, మాటల్లో ఎక్కడా చేయని నేరారోపణ సంగీతంతో చేసినట్టే. మాటల్లో ఎక్కడ ఏ ఆరోపణ ఉందో వేలుపెట్టి చూపవచ్చు, సంగీతంలో ఉన్నదాన్ని అలా పట్టుకోలేం. అలాంటి చోట సంగీతాన్ని వదిలేయడమే ధర్మం.

శబ్ద స్థాయి దగ్గర ఊహ మీద ఆధారపడకూడదు. సంగీతాన్ని ఎంచుకొని, కత్తిరించి, పదిసార్లు విన్నవారికి మాట ముందే కంఠస్థం కనుక, అది వినబడుతోందో లేదో వారి చెవి తేల్చలేదు. వెబ్ విషయాన్ని అందరికీ అందుబాటులో ఉంచడానికి వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం రూపొందించిన మార్గదర్శకాల్లో అత్యున్నత స్థాయిలో, మాట ప్రధానంగా ఉండే ఆడియోకు ఒక స్పష్టమైన కొలత ఉంది: మాట కన్నా నేపథ్య శబ్దం కనీసం 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలి, అంటే చెవికి సుమారు నాలుగో వంతు బిగ్గరగా మాత్రమే తోచాలి. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో శబ్దం ఎంత బిగ్గరగా ఉందో చూపే లౌడ్‌నెస్ మీటర్ ఉంటే మాటను విడిగా, సంగీతాన్ని విడిగా కొలవండి. ఆ మీటరులో మాట మైనస్ 16 దగ్గర ఉంటే సంగీతం మైనస్ 36 దగ్గర ఉండాలి. ఇది మరీ తక్కువ కదా అనిపిస్తుంది. వినికిడి లోపం ఉన్నవారికీ, ఆ భాష కొత్తగా నేర్చుకుంటున్నవారికీ, బస్సులో ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని వింటున్నవారికీ అది సరిగ్గా సరిపోతుంది.

మాట లేని చోట సంగీతాన్ని పైకి తెచ్చి, మాట మొదలవగానే కిందికి దించడాన్ని డకింగ్ అంటారు. సాఫ్ట్‌వేర్ దాన్ని తనంతట తానే చేయగలదు గాని, ప్రతి చిన్న విరామంలోనూ సంగీతం ఉబికి వచ్చి మళ్లీ మునిగిపోతుంటే అలల మీద పడవలో ఉన్నట్టుంటుంది. వాక్యాల మధ్య ఊపిరి తీసుకునే వ్యవధిలో అది పైకి లేవకుండా, రెండు మూడు సెకన్లకు మించిన విరామాల్లో మాత్రమే లేచేలా సరిచేయాలి. ఇంకో ఉపాయం ఈక్వలైజర్, అంటే శబ్దంలోని లోతైన, మధ్య, సన్నని స్థాయిలను విడివిడిగా పెంచి తగ్గించే సాధనం. హల్లులను స్పష్టంగా వేరుచేసే శబ్దశక్తి ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. సంగీతపు ట్రాకులో ఆ ప్రాంతాన్ని మూడు, నాలుగు డెసిబెల్స్ విశాలంగా తగ్గిస్తే, మొత్తం వాల్యూమ్ తగ్గించకుండానే మాట తేటపడుతుంది. ‘కథ’, ‘కత’ల మధ్య తేడా అప్పుడు తెలుస్తుంది.

ముగింపును ఫేడ్ చేసి, అంటే క్రమంగా తగ్గించి, వదిలేయడం సులువు, కానీ సంగీతానికి దానిదైన ముగింపు ఉన్నప్పుడు దాన్ని వాడుకోకపోవడం నష్టమే. రేడియోలో పనిచేసేవారు బ్యాక్ టైమింగ్ అనే పద్ధతి పాటిస్తారు. ట్రాక్ చివరి స్వరాన్ని వీడియో చివరి క్షణానికి ఆనించి, అక్కడి నుంచి వెనక్కి లెక్కించి ఎక్కడ మొదలుపెట్టాలో తేలుస్తారు. మొదలు కత్తిరించబడినా నష్టం లేదు, అక్కడ నెమ్మదిగా లేపితే సరిపోతుంది. మధ్యలో కత్తిరించవలసి వస్తే లయ తెలిసి ఉండాలి: నిమిషానికి 120 బీట్ల ట్రాకులో బీట్ అర సెకను, నాలుగు బీట్ల ఆవర్తం రెండు సెకన్లు. ఆవర్తం మొదట్లో కత్తిరించి మరో ఆవర్తం మొదటికి అతికిస్తే అతుకు తెలియదు.

అన్నీ అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసేసి, ఫోన్‌లోని చిన్న స్పీకర్‌లో, పక్కన ఫ్యాన్ తిరుగుతుండగా వినాలి. ఆ తరువాత అసలు విషయం తెలియని ఒకరికి వినిపించి, ‘సంగీతం ఎలా ఉంది?’ అని కాకుండా, ‘నేనేం చెప్పాను?’ అని అడగాలి.

గదిలో, దుకాణంలో, ఫోన్‌లో

స్థలాల్లో మోగే సంగీతానికి సూత్రం అదే అయినా చిక్కులు వేరు. వీడియో నచ్చకపోతే చూసేవారు ఆపగలరు. గదిలో కూర్చున్నవారు ఆపలేరు. ఒక వైద్యశాలలో నేను నిరీక్షించిన రోజు నాకు బాగా గుర్తుంది. ధ్యానానికి వాడే తరహా సంగీతం, ఎవరి మనసునూ నొప్పించనిది, గోడ మీది రెండు పెద్ద స్పీకర్లలో మోగుతోంది. వాటికి దగ్గరగా కూర్చున్నవారు గొంతు పెంచి మాట్లాడుతున్నారు; దూరంగా మూల కూర్చున్న ఒక పెద్దాయన పేరు మూడుసార్లు పిలిచినా ఆయనకు వినబడలేదు. నాలుగోసారి మరొకరి పేరు పిలిచారు. ఎంచుకున్న సంగీతంలో దోషం లేదు. ఆ గదిలో ముందు ఉన్నది పిలుపు అన్న సంగతి ఎవరూ ఆలోచించలేదు.

చప్పుడు పెరిగితే మనుషులు తెలియకుండానే గొంతు పెంచుతారని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లోనే చెప్పాడు. ఆయన పేరుతోనే దాన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. సంగీతం కొంచెం పెంచితే జనం గొంతు పెంచుతారు, జనం గోలలో సంగీతం వినబడటం లేదని నిర్వాహకులు మళ్లీ పెంచుతారు. ఈ నిచ్చెన ఎక్కకుండా ఉండాలంటే గది ఖాళీగా ఉన్నప్పుడు కాదు, నిండుగా ఉన్నప్పుడు స్థాయిని నిర్ణయించి, దాన్ని దాటనివ్వకూడదు. మీటరు దూరంలో మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. సంగీతం దానికి స్పష్టంగా కిందే ఉండాలి. ఫోన్‌లోని డెసిబెల్ మీటరు యాప్ అంత కచ్చితం కాకపోయినా, గదిలోని ఈ మూలకూ ఆ మూలకూ ఉన్న తేడాను పట్టి ఇస్తుంది. ఆ తేడా ఎక్కువగా ఉంటే రెండు పెద్ద స్పీకర్ల స్థానంలో ఆరు చిన్నవి పైకప్పు మీద సమంగా పంచి, తక్కువ స్థాయిలో నడపడమే దారి. పిలుపులు ఉండే చోట మైకు తెరిచినప్పుడల్లా సంగీతం దానంతట అదే ఆగే ఏర్పాటు తప్పనిసరి. పిలిచే కౌంటరు దగ్గర స్పీకరే ఉండకూడదు.

ప్లేలిస్ట్ పొడుగు గురించి నిర్ణయించేటప్పుడు వచ్చిపోయేవారిని కాదు, అక్కడ పనిచేసేవారిని తలుచుకోవాలి. కొనుగోలుదారు ఇరవై నిమిషాలు ఉంటారు. పనివారు ఎనిమిది గంటలు ఉంటారు. గంటన్నర జాబితా అయితే అదే ట్రాక్ ఒక్కో షిఫ్టులో ఐదుసార్లు, నెలలో నూటపాతిక సార్లకు పైగా వారి చెవిన పడుతుంది. జాబితా కనీసం ఒక షిఫ్టు కన్నా పొడుగు ఉండాలి, వారం వారం కొంత భాగం మారాలి, వాల్యూమ్ తగ్గించే అధికారం అక్కడున్నవారి చేతిలో ఉండాలి. గంటకు పది పదిహేను నిమిషాలు నిశ్శబ్దం ఉంచితే, మళ్లీ మొదలైన సంగీతం కొత్తగా వినబడుతుంది.

ఫోన్‌లో నిరీక్షించేటప్పుడు వినిపించే సంగీతానికి సాంకేతికమైన హద్దు ఉంది. సంప్రదాయ టెలిఫోన్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది, మొబైల్ ఫోన్లలో శబ్దాన్ని కుదించే పద్ధతి మనిషి గొంతు కోసం తయారైంది. పెద్ద వాద్యబృందం, లోతైన బాస్ ఆ సన్నటి సందులోంచి దూరేసరికి రేకు డబ్బాలో గులకరాళ్లు కదిలినట్టుంటుంది. ఒకే వాద్యం, మధ్య స్థాయి, తక్కువ హెచ్చుతగ్గులు ఉన్నదాన్ని ఎంచి, ఆ లైనుకు బయటి నుంచి ఫోన్ చేసి విని చూడాలి. మధ్యలో పదే పదే సంగీతం ఆపి రికార్డు చేసిన ప్రకటన వినిపిస్తే, ప్రతిసారీ మనిషి దొరికారని ఆశపడి నిరాశ చెందుతారు కనుక, ఆ ప్రకటనలను వీలైనంత తగ్గించాలి.

చదువుకునేటప్పుడు, రాసుకునేటప్పుడు పెట్టుకునే సంగీతం సంగతి చిన్నదే. మాటలతో చేసే పనికి మాటలున్న పాట అడ్డు. వినదలచుకోకపోయినా చెవిన పడే మాట జ్ఞాపకాన్ని చెదరగొడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల నుంచి ప్రయోగాల్లో చూపిస్తూ వచ్చారు. బొమ్మలు గీయడం, బట్టలు మడత పెట్టడం, లెక్కలు సరిచూసి ఎక్కించడం లాంటి అలవాటైన పనులకు తెలిసిన పాట తోడుగా ఉంటుంది. కొత్త విషయం అర్థం చేసుకోవలసిన గంటలో నేను మాత్రం నిశ్శబ్దాన్నే ఎంచుకుంటాను.

హక్కులు

నచ్చిన ట్రాక్ దొరికాక దాన్ని వాడే హక్కు మీకుందో లేదో చూడాలి. ఒక రికార్డింగ్‌లో సాధారణంగా రెండు హక్కులు ఉంటాయి: స్వరరచన మీద ఒకటి, ఆ రికార్డింగ్ మీద మరొకటి. రెండు వందల ఏళ్ల నాటి రచన మీద హక్కులు తీరిపోయి ఉండవచ్చు, కానీ దాన్ని ఇటీవల వాయించి రికార్డు చేసినవారి హక్కు అలాగే ఉంటుంది. రాయల్టీ ఫ్రీ అంటే ఉచితమని అర్థం కాదు; ఒకసారి చెల్లిస్తే వాడిన ప్రతిసారీ చెల్లించనక్కరలేదని అర్థం. తమ కృతులను కొన్ని షరతులతో అందరూ వాడుకునేందుకు కర్తలు ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో కర్త పేరు పేర్కొంటే చాలనేవి ఉన్నాయి, వాణిజ్యానికి వాడకూడదనేవీ ఉన్నాయి. మార్పులు చేయకూడదన్న షరతు ఉన్న ట్రాకును వీడియో కింద వేయడం కుదరదు, ఎందుకంటే దృశ్యానికి అనుగుణంగా సంగీతాన్ని జతపరచడాన్ని కూడా ఆ లైసెన్సులు మార్పుగానే పరిగణిస్తాయి. పాటలు వినడానికి తీసుకున్న సొంత చందా, దుకాణంలో నలుగురికీ వినిపించడానికి సాధారణంగా చెల్లదు. దానికి ప్రత్యేకమైన వ్యాపార సేవ లేదా బహిరంగ ప్రదర్శన లైసెన్సు కావాలి. ట్రాక్ తీసుకున్న రోజే దాని పేరు, స్వరకర్త పేరు, లైసెన్సు ప్రతి, తేదీ ఒక ఫైలులో భద్రపరచుకోవాలి.

సంగీతం వద్దనుకునే చోటు

చివరి నిర్ణయం ఎప్పుడూ ఇదే. అంతా సిద్ధమయ్యాక సంగీతపు ట్రాకును మ్యూట్ చేసి మొదటి నుంచి మళ్లీ చూడాలి. లోటు తెలిసిన చోట తిరిగి పెట్టాలి, తెలియని చోట తీసేయాలి. పుస్తకం కుట్టే వీడియోలో నేను ఈ పరీక్ష చేసినప్పుడు, మొదటిసారి పియానో కింద పూడిపోయిన ఒక శబ్దం బయటపడింది. మైనం పట్టించిన దారం ఎనిమిది కాగితాల మడతలోంచి దూరి బయటికి వచ్చేటప్పుడు సన్నగా, పొడుగ్గా జరజరమంటుంది. బిగువు సరిపోయిందనగానే ఆ జరజర ఆగి టక్కుమంటుంది. ఎంత లాగాలో నేను మాటల్లో రెండు వాక్యాలు చెప్పాను గాని, ఆ టక్కు వినిపిస్తే ఆ వాక్యాలు అక్కరలేదు. ఆ రెండు వాక్యాలనూ తీసేసి, సంగీతం వేయకుండా, దారపు చప్పుడును మాత్రం నాలుగు డెసిబెల్స్ పెంచాను. స్నేహితురాలికి మళ్లీ చూపిస్తే, ఈసారి ఆమె ఏమీ అనలేదు. బల్ల మీదున్న సూది తీసుకొని కుట్టడం మొదలుపెట్టింది.